బకాసురుడి బండెడు అన్నంలోకి కూర ఏమిటి?

మనవరాలి తాత:
మా మనవరాలికి 6 ఏళ్లు. రాత్రి బకాసురుడి కథ చెబుతుంటే "బండెడు అన్నంలోకి కూర ఏమిటి తాతయ్యా?" అని నిలదీసింది. గుమ్మడికాయ పులుసు అన్నాను. అంతటితో వదిలితేనా! దున్నపోతులను ముందు తినేవాడా, అన్నమా? గరుత్మంతుడు ఏం తినేవాడు? నోటికొచ్చింది కల్పించి చెప్పడం నాకు ఇష్టం లేదు. తెలిసినవారు చెప్పండి.

పుస్తకాల అటక:
గుమ్మడికాయ పులుసు మీ సొంత వంటకమేనండి. ఆదిపర్వంలో ఏకచక్రపురపు బ్రాహ్మణుడు కుంతికి చెప్పిన లెక్కలో ఉన్నవి మూడే పద్దులు: బండెడు వరి అన్నం, రెండు దున్నపోతులు, వాటిని తోలుకొచ్చిన మనిషి. ఏది ముందో చెప్పలేదు.

నన్నడిగితే ఆ కథలో అసలు రుచి భీముడి భోజనంలోనే ఉంది. అడవికి వెళ్లి, బకుణ్ణి పేరు పెట్టి కేకేసి, వాడికని తెచ్చిన అన్నం తానే తినడం మొదలుపెట్టాడు. వాడు వెనక నుంచి రెండు చేతులతో వీపు మీద గుద్దుతున్నా తల తిప్పలేదు. కడుపారా తిని, ఆచమనం చేసి, అప్పుడు లేచాడు యుద్ధానికి. పాపకు ఇది చెప్పండి, కూర ఊసెత్తదు.

ఇక గరుత్మంతుడు. అమృతం కోసం బయలుదేరినప్పుడు తల్లి చెప్పినట్లు నిషాదులను మింగినా ఆకలి తీరలేదు. తండ్రి కశ్యపుడు ఒక ఏనుగును, తాబేలును చూపించాడు. ఆస్తి పంపకాల దగ్గర తగవుపడి ఒకరినొకరు శపించుకున్న అన్నదమ్ములవి! ఏనుగు ఎత్తే 6 యోజనాలు. రెంటినీ గోళ్లతో ఎత్తుకుపోయి చెట్టు మీద వాలితే కొమ్మ విరిగింది. దానికి వాలఖిల్య మునులు తలకిందులుగా వేలాడుతున్నారు. పాపం, ఆ కొమ్మను ముక్కున కరుచుకుని ఎగురుతూనే ఉన్నాడు. చివరికి మనుషులు లేని కొండ దొరికాక గానీ ముద్ద నోట పెట్టలేదు.

పొలిమేర:
మీరు పురాణాల దగ్గరే ఆగిపోయారు. మా అమ్మమ్మ ఊళ్లో జాతరప్పుడు వేట నెత్తురు కలిపిన అన్నాన్ని ఊరి పొలిమేర చుట్టూ చల్లేవారు. దాన్ని పొలి అంటారు. గాలీ ధూళీ అది తిని బయటే ఉండిపోవాలి. రాత్రిపూట పక్క ఊరికి కోడికూర పంపాలంటే అమ్మమ్మ క్యారియర్ మూత మీద బొగ్గుముక్క పెట్టేది, లేకపోతే దయ్యాలు వాసన పట్టి వెంటపడతాయని. పప్పు క్యారియర్‌కు మాత్రం ఏనాడూ బొగ్గు పెట్టలేదు. మన దయ్యాల్లో శాకాహారులు లేనట్టే.

ఇద్దరు పిల్లల తల్లి:
శాకాహారం కావాలంటే కవుల పక్షులున్నాయి కదండీ. చకోరానికి వెన్నెల, హంసకు తామర తూళ్లు, చాతకానికి వాన చినుకులు. చాతకం కథ విన్న మా చిన్నవాడు, వాన పడేదాకా మంచినీళ్లు ముట్టనని నోరు తెరుచుకుని డాబా మీద కూర్చున్నాడు. ఎండాకాలంలో మాత్రం దాని జోలికి పోకండి.