269–269 టై అయితే, సెనేట్‌లో ఉపాధ్యక్షుడి కాస్టింగ్ ఓటు చెల్లుతుందా?

అమెరికాలో అధ్యక్షుణ్ణి, ఉపాధ్యక్షుణ్ణి ఎన్నుకునే 538 ఎలక్టోరల్ ఓట్లు ఇద్దరు అభ్యర్థులకు చెరో 269గా చీలితే, రాజ్యాంగ 12వ సవరణ ప్రకారం అధ్యక్షుణ్ణి ప్రతినిధుల సభ ఎన్నుకుంటుంది. సభ్యుడికో ఓటు కాదు, రాష్ట్రానికో ఓటు. 52 మంది ఉన్న కాలిఫోర్నియాకీ ఒకటే, ఒక్కరే ఉన్న వయోమింగ్‌కీ ఒకటే. 26 రాష్ట్రాలు కావాలి. ఏ రాష్ట్ర బృందమైనా సగానికి సగం చీలితే దాని ఓటు ఎవరికీ పడదు, 26 మాత్రం తగ్గదు. (రాష్ట్రం కాని రాజధాని వాషింగ్టన్ డీసీకి 3 ఎలక్టోరల్ ఓట్లున్నా ఇక్కడ సున్నా!) ఇంతవరకు స్పష్టమే.

చిక్కంతా ఉపాధ్యక్షుడి ఎన్నికలో. ఆయన్ని ఎన్నుకునేది 100 మంది సభ్యుల సెనేట్. సెనేట్ 50–50 అయితే, పదవిలో ఉన్న ఉపాధ్యక్షుడు బిల్లులకు వేసినట్టే ఓటు వేయొచ్చా? 12వ సవరణలో "మొత్తం సెనేటర్లలో మెజారిటీ" అన్నారు కాబట్టి 51 మంది సెనేటర్లే కావాలనిపిస్తోంది. రాజ్యాంగం ఒకటో అధికరణమేమో సెనేట్‌లో టై అయితే పదవిలో ఉన్న ఉపాధ్యక్షుడికి ఓటుందంటోంది. 1837లో రిచర్డ్ జాన్సన్‌ను ఉపాధ్యక్షుడిగా సెనేట్ ఎన్నుకున్నప్పుడు టై కాలేదు, కాబట్టి ఆ ఉదాహరణ పనికిరాదు. ఏది పైచేయి అవుతుందో, ఎందుకో కాస్త వివరిస్తారా?