ఆల్బమ్ డౌన్‌లోడ్‌తో పాటు బోనస్‌గా ఏమివ్వాలి? (అన్నమయ్య కీర్తనలు, తిరుపతి)

తిరుపతి_తంబూరా అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా అక్క తిరుపతిలో సంగీతం చదువుకుని ఇప్పుడు ఇంటి దగ్గరే పిల్లలకు పాఠాలు చెబుతోంది. ఆమె పాడిన అన్నమయ్య కీర్తనలు ఎనిమిదింటిని వయొలిన్, మృదంగం, తంబూరాతో రికార్డ్ చేశాం. అంతా కలిపి ముక్కాలు గంట పైన వచ్చింది, మిక్సింగ్ కూడా దాదాపు అయిపోయింది. స్ట్రీమింగ్ యాప్‌లలో ఎలాగూ పెడతాం కానీ అక్కడ వచ్చేది ఎంతో మీకు తెలిసిందే, అందుకే డబ్బు పెట్టి డౌన్‌లోడ్ చేసుకునేవాళ్ళకు వేరేగా 150 రూపాయలకు ఇద్దామని ఆలోచన. ఫ్రీగా వినగలిగేదాన్ని మనిషి ఎందుకు కొనాలి అంటే, దాంతో పాటు ఇంకేదో దొరకాలి కదా. కవర్ డిజైన్ చేస్తున్నాయన వాల్‌పేపర్లు, రింగ్‌టోన్లు, స్టూడియో వీడియో పెట్టమంటున్నాడు. అక్క మాత్రం పాటల పుస్తకం ఒకటి చాలు అంటోంది. బడ్జెట్ చాలా తక్కువ, ఏదైనా ఒకటి రెండే బాగా చేయగలం. మీరు ఆల్బమ్ కొన్నప్పుడు వాటిలో దేన్ని నిజంగా వాడారు? ఫైళ్ళు ఏ రూపంలో ఇవ్వాలి? ఇలాంటిది చేసినవాళ్ళు ఉంటే చెప్పండి.

చిత్తూరు_మిక్సింగ్:

తమ్ముడూ, వాల్‌పేపర్లు, రింగ్‌టోన్లు వదిలేయ్. అవి 2008 నాటి ఆలోచనలు, ఫోన్ మారగానే పోతాయి.

ఈ బోనస్ సంగతి కొత్తదేమీ కాదు. 1990ల్లో ఎన్‌హాన్స్‌డ్ సీడీ అని వచ్చింది, మ్యూజిక్ ప్లేయర్‌లో పెడితే పాటలు, కంప్యూటర్‌లో పెడితే ఫోటోలు, వీడియోలు. ఇప్పుడు ఆ డిస్కు దొరికినా పాటలు మాత్రమే పలుకుతాయి, లోపలున్న ప్రోగ్రామ్ ఆ కాలపు విండోస్ కోసం రాసింది కాబట్టి చాలావరకు తెరుచుకోదు. తర్వాత 2009లో ఆపిల్ వాళ్ళు ఐట్యూన్స్ ఎల్‌పీ తెచ్చారు. కంప్యూటర్‌లో ఆల్బమ్ తెరిస్తే సాహిత్యం, బొమ్మలు, వీడియో అన్నీ ఒక వెబ్ పేజీలాగా వచ్చేవి, చూడటానికి ఎంతో అందంగా ఉండేది. కానీ దాన్ని తయారు చేయడానికి చాలా ఖర్చు, చూడాలంటే ఆపిల్ వాళ్ళ ఐట్యూన్స్ ప్రోగ్రామ్ తప్పనిసరి, ఈలోగా జనం పాటలు వినడం ఫోన్లలోకి మారిపోయింది. 2018లో కొత్తవి తీసుకోవడమే మానేశారు. అదే ఐట్యూన్స్‌లో ఆల్బమ్‌తో వచ్చిన మామూలు పీడీఎఫ్ బుక్‌లెట్లు మాత్రం ఈరోజు ఏ ఫోన్‌లో నొక్కినా తెరుచుకుంటాయి. అందుకే నా మాట ఒక్కటే: పీడీఎఫ్, జేపీజీ, ఎంపీ3, ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా దాచే ఆడియో ఫైల్). ఇవి దాటి పోవద్దు. ప్రత్యేకంగా యాప్ చేద్దాం, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వెబ్‌సైట్ తెరుచుకునేలా పెడదాం అని ఎవరైనా చెబితే, మూడేళ్ళ తర్వాత ఆ సైటుకి డబ్బులు ఎవరు కడతారని అడుగు.

ఆడియో విషయానికి వస్తే ఫ్లాక్, 320 కేబీపీఎస్ ఎంపీ3 రెండూ ఇవ్వు, కానీ వేర్వేరు జిప్‌లుగా, అంటే ఫైళ్ళన్నీ ఒకటిగా కట్టిన మూటలుగా. ఎంపీ3 నిమిషానికి దాదాపు 2.4 ఎంబీ, ముక్కాలు గంటకు 110 ఎంబీ దాకా వస్తుంది, ఫ్లాక్ అయితే సుమారు 250 నుంచి 300. ఫోన్ డేటాతో డౌన్‌లోడ్ చేసేవాళ్ళ నెత్తిన రెండూ ఒకేసారి పెట్టకూడదు. చాలామందికి జిప్ తెరవడమే రాదు, మా ఇంట్లో పెద్దవాళ్ళు ఫైల్ దిగిందంటారు, పాట రావట్లేదంటారు. కాబట్టి పీడీఎఫ్‌ని జిప్‌లో దాచకుండా దానికో విడి లింకు కూడా ఇవ్వు.

అసలు బోనస్ అని ఎవరూ అనుకోనిది ఒకటుంది, అదే ట్యాగులు, అంటే పాట ఫైల్‌లోనే దాచే వివరాలు. పాట ఫైల్‌లోపలే సాహిత్యం పెట్టొచ్చు, చాలా ప్లేయర్లలో పాట వస్తుండగా చదువుకోవచ్చు. రచన అన్నమాచార్య అని ఒక గడిలో, స్వరం కట్టినవాళ్ళ పేరు కంపోజర్ గడిలో, వయొలిన్, మృదంగం వాయించినవాళ్ళ పేర్లు కామెంట్‌లో రాయి. ఎంపీ3ట్యాగ్ అనే ఫ్రీ ప్రోగ్రామ్ చాలు, ఒక సాయంత్రం పని. ట్యాగులు తెలుగులోనే పెట్టు. ఫైల్ పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, ముందు 01, 02 అని అంకెలతో ఉంచు, పాత కారు స్టీరియోలు తెలుగు అక్షరాలకు డబ్బాలు చూపిస్తాయి.

కపిలతీర్థం_రోడ్డు:

మీ అక్కగారి మాటే సరైనది బాబూ. నేను ఎన్నో ఏళ్ళుగా ఈ కీర్తనలు వింటున్నాను, క్యాసెట్ల కాలం నుంచి. క్యాసెట్ మడత కాగితంలో పాట మొదటి పాదం, రాగం, గాయకుడి పేరు మాత్రం ఉండేవి. ఇప్పుడు యాప్‌లలో ఆ మడత కాగితం కూడా లేదు. రాగం ఉండదు, తాళం ఉండదు, కొన్నిచోట్ల అన్నమయ్య పేరు బదులు పాడినవాళ్ళ పేరే రచయితగా కనిపిస్తుంది. చూస్తే మనసు చివుక్కుమంటుంది.

అన్నమయ్య విషయంలో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకో చెబుతాను. తిరుమల సంకీర్తన భాండాగారంలో దొరికిన రాగిరేకుల మీద కీర్తనల సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది. స్వరలిపి, అంటే ఎలా పాడాలో చెప్పే స్వరాల రాత, లేదు. 12,000కు పైగా కీర్తనల మాటలు మనకు మిగిలాయి కానీ ఆయన పాడిన వరుసలు, అంటే ట్యూన్లు, మిగల్లేదు. ఈరోజు మనం పాడుకునే వరుసల్లో చాలావరకు గత నూరేళ్ళలోపు ఎవరో ఒక విద్వాంసుడు కూర్చుని కట్టినవే. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు తిరుపతిలో ఉండి ఆ రేకుల మీది పాటలను పరిష్కరించారు, ఎన్నింటికో స్వరాలు కట్టారు. 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టాక ఇంకా ఎంతోమంది కట్టారు. కొన్నిచోట్ల రేకు మీద ఒక రాగం ఉంటే ఈరోజు పాడేది వేరే రాగంలో. అది తప్పని నేను అనను, కానీ వినేవాడికి తెలియాలి. కాబట్టి మీ పుస్తకంలో ప్రతి కీర్తన దగ్గర రేకులో ఉన్న రాగం, మీరు పాడిన రాగం, తాళం, వరుస కట్టినవారి పేరు, మీ అక్కగారు ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ గురువు పేరు రాయండి. ఈ వివరం ఉన్న ఆల్బమ్ నా చేతికి చాలా అరుదుగా వచ్చింది, ఉంటే 150 కాదు 300 అయినా ఇస్తాను.

అర్థాలు కూడా తప్పక ఇవ్వండి. ఆయన వాడిన మాటలు కొన్ని మన సీమ పల్లెల్లో ఇప్పటికీ పెద్దవాళ్ళ నోట వినిపిస్తాయి, కొన్ని మాత్రం నిఘంటువు తీయకపోతే తెలియవు. పాట మొత్తానికి పొడుగాటి వ్యాఖ్యానం అక్కర్లేదు, కష్టమైన మాటలకు పక్కనే చిన్న అర్థం రాస్తే పిల్లలకు కూడా అందుతుంది.

తిరుపతి_తంబూరా:

చాలా థాంక్స్ అన్నా, పెద్దాయనా. రేకులో రాగం, పాడిన రాగం రెండూ ఇవ్వాలన్నది మాకు తట్టనే లేదు, అక్కకు చదివి వినిపించాను, ఆమె అప్పుడే నోట్సు తీసి కూర్చుంది. ఒక్క సందేహం. మాకు తెలిసిన డీటీపీ ఆయన పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేస్తానన్నాడు, పేజీకి ఇంత అని తక్కువకే. అది సరిపోతుందా?

యూనికోడ్_పలమనేరు:

ప్రింటుకు సరిపోతుంది, దీనికి వద్దు. అను ఫాంట్లు పాత పద్ధతివి, వాటితో చేసిన పీడీఎఫ్ కంటికి చక్కగానే ఉంటుంది కానీ అందులోని అక్షరాలు నిజానికి తెలుగు అక్షరాలుగా నమోదు కావు. వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, చూపు లేనివాళ్ళు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. పాటలు ప్రాణంగా వినేవాళ్ళలో చూపు లేనివాళ్ళు ఎంతమంది ఉన్నారో ఆలోచించండి, వాళ్ళు కూడా డబ్బు పెట్టే కొంటారు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లు, ఫోన్లు గుర్తించే అక్షరాల పద్ధతి) రాదు కాబట్టి లిబ్రేఆఫీస్ రైటర్‌లో టైప్ చేసి పీడీఎఫ్‌గా ఎగుమతి చేసుకోండి, ఖర్చు లేదు. ఫాంట్ మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ తీసుకోండి, రెండూ ఫ్రీ.

ఇంకోటి, ఏ4 సైజులో చేయొద్దు. చదివేది ఫోన్‌లో. పొడుగ్గా, సన్నగా ఉండే పేజీ పెట్టి పల్లవి, చరణాలు పెద్ద అక్షరాల్లో ఇవ్వండి, రెండు వేళ్ళతో లాగి పెద్దది చేసుకునే పని ఉండకూడదు. దేవుడి ఫోటోల మీద సాహిత్యం అచ్చువేయడం కొంతమందికి అలవాటు, దయచేసి అది మాత్రం చేయకండి, ఒక్క అక్షరం కనపడదు.

మదనపల్లె_నుంచి_డబ్లిన్:

నేను కొనే వైపు నుంచి చెబుతాను. ఇక్కడ మా పాప కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, నేను బ్యాండ్‌క్యాంప్ అనే సంగీతం అమ్మే సైటులో తరచూ కొంటుంటాను. అక్కడ ఆల్బమ్‌కు బోనస్ ఐటమ్స్ అని జత చేసే వీలుంది, పీడీఎఫ్, వీడియో, బొమ్మలు ఏవైనా డౌన్‌లోడ్‌తో పాటే వస్తాయి, ఎంపీ3, ఫ్లాక్ లాంటి రూపాల్లో ఏది కావాలో కొన్నవాళ్ళే ఎంచుకుంటారు, తర్వాత మళ్ళీ దించుకోవచ్చు. డిజిటల్ అమ్మకం మీద వాళ్ళు తీసుకునేది 15 శాతం. అయితే మీరు ఇండియాలో ఉన్నారు కాబట్టి ఒక చిక్కుంది: అక్కడ డబ్బు మీకు చేరేది పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ ద్వారా, పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి ఇండియా లోపల ఒకరి నుంచి ఒకరికి చెల్లింపులు ఆపేసింది. విదేశాల్లో ఉన్న మాలాంటివాళ్ళం కొనగలం, తిరుపతిలో ఉన్న మీ పక్కింటివాళ్ళు కొనడం కష్టం. కాబట్టి బయటివాళ్ళకు అదొకటి, ఊళ్ళోవాళ్ళకు యూపీఐ తీసుకుని డౌన్‌లోడ్ లింకు పంపే పేమెంట్ పేజీ ఒకటి, రెండూ పెట్టుకోండి.

ఇక బోనస్ ఏది వాడాను అంటే, నిజంగా వాడింది తంబూరా ట్రాక్. ఒక ఆల్బమ్‌తో గాయని శ్రుతిలోనే అరగంట తంబూరా ఇచ్చారు, మా పాప రోజూ దాని మీదే పాడుతుంది. మీ అక్కగారు టీచర్ కదా, ఒకటి రెండు కీర్తనలు పాఠంలాగా, ఒక్కో సంగతి (పాదాన్ని మార్చి మార్చి పాడే ఒక్కో తీరు) పాడి ఖాళీ వదిలి, పిల్లలు తిరిగి పాడేలా రికార్డ్ చేసి ఇవ్వండి. పాట వినడానికి యాప్ ఉంది, నేర్పడానికి లేదు. ఇక్కడున్న తెలుగు తల్లులం అలాంటి దానికోసం ఎదురుచూస్తుంటాం. స్వరలిపి కూడా పీడీఎఫ్‌లో పెడితే ఇంకేం కావాలి. స్టూడియో వీడియోలు ఎన్నో వచ్చాయి నాకు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నవ్వుతుంటారు, ఒకసారి చూసి మళ్ళీ తెరవలేదు.

చిత్తూరు_మిక్సింగ్:

అక్కా, ఆ పాఠం ఆలోచన అద్భుతం. తమ్ముడూ, మిక్సింగ్ ఇంకా పూర్తిగా కాలేదన్నావు కదా, ఇప్పుడే ఇంజినీర్‌ని అడిగి గాత్రం లేకుండా ఒక మిక్స్, తంబూరా ఒక్కటే ఒక ఫైల్ దించుకో. ప్రాజెక్టు తెరిచి ఉన్నప్పుడు ఇది పది నిమిషాల పని, ఆర్నెల్ల తర్వాత అడిగితే హార్డ్ డిస్క్ ఎక్కడుందో కూడా ఎవరికీ గుర్తుండదు. గాత్రం లేని మిక్స్‌లో వయొలిన్ ఉంచాలా వద్దా అన్నది అక్కే చెప్పాలి, నేర్చుకునే పిల్లలకు వయొలిన్ తోడు ఉంటేనే మంచిదని నా ఉద్దేశం.

ధర గురించి ఒక ఉదాహరణ. 2008లో నైన్ ఇంచ్ నెయిల్స్ అనే అమెరికా బ్యాండ్ వాళ్ళు 36 ట్రాకుల ఆల్బమ్ విడుదల చేసినప్పుడు మొదటి 9 ట్రాకులు ఉచితంగా ఇచ్చి, మొత్తం కావాలంటే 5 డాలర్లు, దాంతో 40 పేజీల పీడీఎఫ్ అని పెట్టారు. నువ్వూ ఒక కీర్తన, దాని పేజీ, దాని పాఠం మొత్తం ఫ్రీగా పెట్టు. లోపల ఏముందో చూశాకే మనవాళ్ళు డబ్బు తీస్తారు.

శ్రీకాళహస్తి_వకీలు:

అందరూ మంచి సలహాలు చెప్పారు కానీ హక్కుల సంగతి ఎవరూ ఎత్తలేదు. అన్నమయ్య 1503లో పరమపదించారు, ఆయన సాహిత్యం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. కానీ వరుస కట్టినవారిది వేరే హక్కు. మన చట్టం ప్రకారం సంగీత రచనకు కర్త మరణించిన తర్వాతి ఏడాది మొదలు 60 ఏళ్ళ దాకా రక్షణ ఉంటుంది. పైన పెద్దాయన చెప్పిన రాళ్ళపల్లి వారు 1979లో పోయారు, అంటే ఆయన కట్టిన వరుసలకు 2039 చివరి దాకా లెక్క. బతికున్నవారి వరుసలైతే చెప్పేదేముంది. ఎనిమిదిలో ఎవరెవరివి ఉన్నాయో రాసుకుని, వాళ్ళ దగ్గరో వారసుల దగ్గరో, సంస్థ కోసం కట్టినదైతే ఆ సంస్థ దగ్గరో రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. పాటకే కాదు, స్వరలిపి అచ్చువేయడానికి కూడా అందులోనే అడగండి. అక్క తనే వరుస కట్టినవి ఏవైనా ఉంటే పాఠం బోనస్‌కు ముందు వాటిని ఎంచుకోవడం సులువు.

అర్థాలు కూడా అచ్చయిన పుస్తకాల నుంచి ఎత్తి రాయకండి, సొంత మాటల్లో రాయండి. తిరుమల ఆలయం లోపల ఫోటోలు ఎలాగూ తీయనివ్వరు, ఇంటర్నెట్‌లో దొరికిన మూలవిరాట్టు బొమ్మ కవర్ మీద వేస్తే దాన్ని గీసినవాళ్ళు ఎప్పుడైనా వచ్చి అడగొచ్చు. ఫోన్ తీసుకుని పొద్దున్నే బయటికి వెళితే శేషాచలం కొండల ఫోటో మీ సొంతంగానే దొరుకుతుంది.

తిరుపతి_తంబూరా:

అందరికీ చేతులెత్తి నమస్కారం. వాల్‌పేపర్లు, వీడియో తీసేశాం. పుస్తకం, తంబూరా ట్రాక్, రెండు పాఠాలు, అంతే. ఎనిమిదిలో మూడు అక్క కట్టిన వరుసలే, పాఠాలు వాటిలోంచే తీసుకుంటాం. మిగతా వాటికి అనుమతుల కోసం రేపటి నుంచి తిరుగుతాను, అవి వచ్చేదాకా విడుదల తేదీ ప్రకటించం. ఇంకొక్కటి అడుగుతాను, పుస్తకంలో ఏదైనా తప్పు దొర్లితే డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళకు దిద్దినది ఎలా అందించాలి?

యూనికోడ్_పలమనేరు:

కొనేటప్పుడు మెయిల్ అడుగుతారు కదా, దిద్దిన ఫైల్‌ను అదే లింకులో పెట్టి వాళ్ళకు ఒక మెయిల్ పంపండి. పీడీఎఫ్ మొదటి పేజీలో కూర్పు 1 అని, నెల, సంవత్సరం వేయండి, దిద్దినప్పుడల్లా అంకె మార్చండి. విడుదలకు ముందు కపిలతీర్థం రోడ్డు పెద్దాయనకు ఒకసారి చూపించండి, ఒప్పుకుంటే.

కపిలతీర్థం_రోడ్డు:

తప్పకుండా చూస్తాను. ప్రింట్ తీసి ఇవ్వండి, పెన్నుతో దిద్ది ఇస్తాను.