హీబ్రూ రోజువారీ మాటలు ఎట్ల మొదలువెట్టాలె?

కూకట్‌పల్లి_నర్సు:
అందరికి నమస్తే. ఇంకో రెండు నెలల్ల ఇజ్రాయెల్ పోతున్న, ఒక ముసలమ్మను ఇంట్లనే ఉండి చూస్కునే పని. మాకొక కాగితం ఇచ్చిండ్రు, అండ్ల హీబ్రూ మాటలు ఇంగ్లీష్ అక్షరాలల్ల ఉన్నయి. షలోమ్ (నమస్తే), తోదా (థాంక్స్), బెవకషా (ప్లీజ్), స్లిహా (సారీ) వచ్చినయి. "నాకు కావాలె" అంటానికి కాగితంల అని రోత్సె అని ఉంది, యూట్యూబ్‌ల ఒకామె అని రోత్సా అంటుంది. ఏది కరెక్టు? లిపి గూడ నేర్వాల్నా? ఆ అమ్మ బాధ చెప్తుంటే నాకు తెల్వకపోతే ఎట్ల అని మస్తు భయం ఐతుంది.

నెతన్యా_అక్క:
చెల్లె, రెండూ కరెక్టే. రోత్సె మొగోళ్ళు అనేది, రోత్సా మనం అనేది. మనకు వచ్చిండు, వచ్చింది అన్న కాడనే తేడా, వాళ్ళకు నేను, నువ్వు అన్న కాడ గూడ అదే తేడా. ముసలమ్మనైతే అత్ రోత్సా మాయిమ్, నీళ్ళు కావాల్నా అని, ముసలాయననైతే అతా రోత్సె మాయిమ్ అని. నేను పోయిన మొదటివారం సవ్తా, అంటే నానమ్మ, కర్ లి కర్ లి అంటుంది, నేను కారు అనుకొని చెప్పులు తెచ్చి కాళ్ళ కాడ పెట్టిన, ఆమె రెండు చేతులతోని దుప్పటి గుంజుకున్నది. చలి పెడుతుందట. ఉడుక పోస్తే హమ్ లి. ఇసొంటియి ముందు నేర్చుకో, కూరగాయల పేర్లు తర్వాత చూస్కోవచ్చు.

పాతబస్తీ_ఉర్దూ:
లిపి తప్పకుండ నేర్చుకోండి సిస్టర్, 22 అక్షరాలే, ఉర్దూ లెక్క కుడి నుంచి ఎడమకు, మామూలు రాతల గుణింతాలు పెట్టరు కాబట్టి చదివి చదివి అలవాటు కావాలి. వారాలు గూడ అక్షరాలతోనే రాస్తరు, అలెఫ్ ఆదివారం, బెట్ సోమవారం. మందుల డబ్బ మీద అది చదవరాకపోతే మాత్రలు తారుమారైతయి. ఉర్దూ వచ్చినోళ్ళకు కొన్ని మాటలు దగ్గరగ ఉంటయి, సలాంకి షలోమ్, కరీబ్‌కి (దగ్గర అని) కరోవ్.

కూకట్‌పల్లి_నర్సు:
థాంక్స్ అన్నా, ఈ రాత్రి నుంచే అక్షరాలు రాస్త. అక్కా, నొప్పి ఎక్కడ అని ఎట్ల అడగాలె?

నెతన్యా_అక్క:
ఎఫో కొఎవ్ లాఖ్. ముసలాయననైతే ఎఫో కొఎవ్ లెఖా. ఖ గొంతులకెల్లి రావాలె. ఆమె గబగబ చెప్తే లెఆత్ లెఆత్ అను, మెల్లగ అని. చెయ్యి పట్టుకొని అడుగు, ఆమెనే చూపిస్తది.