అప్‌డేట్: ‘ఫాగ్’ పద్యంలో ఉన్నది మెటఫరా, పర్సానిఫికేషనా?

ఒడిశాలోని రాయగడలో సీబీఎస్ఈ పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కోసం, అమెరికన్ కవి కార్ల్ శాండ్‌బర్గ్ ‘ఫాగ్’ (పొగమంచు) పద్యంలో ఏ అలంకారమో ఇక్కడ అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. అది మెటఫరే (ఒకదాన్ని మరొకటిగానే చెప్పడం, అంటే రూపకం), వాళ్ళ ఇంగ్లీషు మేడమ్ కూడా అదే చెప్పారు. పొగమంచు పిల్లి పాదాలతో వచ్చి, కూర్చుని రేవునూ నగరాన్నీ చూసి, కదిలిపోతుంది. అంటే పద్యమంతా పొగమంచే పిల్లి. ‘లైక్’, ‘యాజ్’ లేవు కాబట్టి సిమిలీ (‘దానిలా ఉంది’ అని పోల్చడం, అంటే ఉపమ) కాదు. గైడులో పర్సానిఫికేషన్ అని వేశారు గానీ, అది మనిషి లక్షణాలు ఆపాదిస్తేనే. పిల్లి మనిషి కాదుగా!

బాగా పనికొచ్చింది ‘ఒడియా వ్యాకరణంలో చదివిన ఉపమ, రూపకాలతో పోల్చి చెప్పండి’ అన్న సలహా. మీరిచ్చిన తెలుగు అలంకారాల పట్టిక వాడలేదు, మా అమ్మాయికి తెలుగు మాట్లాడటం వరకే వచ్చు.