అడవిలో కుక్కను తిప్పేవాళ్లు ఏ కాలంలో ఏం చూసుకుంటారు?

మోదుగుపువ్వు: మాది వికారాబాద్ దగ్గర. ఊరి వెనక చిట్టడవిలో మా నాటుకుక్కను రోజూ పొద్దున్నే తిప్పుతాను. తొలకరి పడ్డప్పటి నుంచి చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులే. నిన్న తొమ్మిది పీకాను. వానాకాలం మానెయ్యాలా?

చెరువుగట్టు: మానక్కర్లేదక్కా. పట్టకారుతో తల దగ్గర పట్టుకుని నిదానంగా లాగండి. కిరసనాయిలు మాత్రం పూయొద్దు, మావాడికి పూస్తే చర్మం పుండైంది. తర్వాత మూడు వారాలు కనిపెట్టుకుని ఉండండి. జ్వరం, తిండి ముట్టకపోవడం, ముక్కులోంచి రక్తం కనబడితే వెంటనే రక్తపరీక్ష. మావాడికి ఎర్లీకియా, అంటే పిడుదుల కాటుతో వచ్చే జ్వరం, తేలింది. డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడాం. మూడో రోజుకే హుషారయ్యాడు గానీ డాక్టరు మధ్యలో ఆపనివ్వలేదు.

ఇప్పచెట్టు: మాది ఆదిలాబాద్ దిక్కు. పిడుదులకు మందుంది, ఉచ్చుకు లేదు. చలికాలం పంట చేతికొచ్చే టైముకు అడవిపందుల కోసం క్లచ్ వైరు ఉచ్చులు పెడ్తరు, కొందరు కరెంటు తీగలు కూడా గుంజుతరు. మా పక్కింటోళ్ల కుక్క కాలు అట్లనే పోయింది. చేన్ల అంచున తాడు ఇడువొద్దు.

బంతిపూలు: తాడు కట్టి అడవిలో తిప్పితే ఇక నడకేముందండీ? మాది వదిలేసినా పిలిస్తే వచ్చేస్తుంది.

ఇప్పచెట్టు: కుందేలు లేచినంక పిలిచి చూడన్నా! నెమలినో కుందేలునో పడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు మన మీదికే. ఇంకోటి, ఎండాకాలం ఇప్పపూలు రాలేటప్పుడు తెల్లారకముందే ఎలుగులొస్తయి. కుక్క మొరిగి దాన్ని రేపుతది, మళ్ల మన కాళ్ల కాడికే ఉరికొస్తది. వెనకాల ఎలుగు! అందుకే ఆ నెలన్నర నేను బాగా వెలుగొచ్చినంకనే పోత.

న్యూజెర్సీవాసి: ఇక్కడ మేం చలికి పిడుదులు పోతాయనుకున్నాం. ఆకులు రాలే అక్టోబరు, నవంబరులోనే జింక పిడుదులు ఎక్కువ. వాటి కాటుతో వచ్చే లైమ్ జబ్బుకు మాదానికి టీకా వేయించాం. డిసెంబరులో జింకల వేట, అందుకని దానికీ నాకూ నారింజరంగు చొక్కాలు. మా అమ్మ ఫొటో చూసి కుక్కకు దీక్ష ఇప్పించావా అంది.

మోదుగుపువ్వు: 😂 తాడు ఇవాళే కొన్నాను, పదడుగులది. ఉత్తరేణి గింజలు తోక బొచ్చుకి పట్టేస్తున్నాయి, దువ్వెన తీస్తే పారిపోతోంది. దానికేం చేస్తారు?

చెరువుగట్టు: కాస్త కొబ్బరినూనె రాసి వేళ్లతో తియ్యండి. పెరుగన్నం ముందు పెట్టుకుని కూర్చోండి, కదలదు.