అప్‌డేట్: పదవీ విరమణ తర్వాత క్రెడిట్ కార్డు, కొన్న వస్తువుకు రక్షణ

పదవీ విరమణ చేసి, జీతం ధ్రువపత్రం లేని నాబోటి వారికి క్రెడిట్ కార్డు ఇస్తారా, దానితో కొన్న వస్తువుకు నిజంగా రక్షణ ఉంటుందా అని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

తిరుపతిలో నా పింఛను జమయ్యే బ్యాంకు శాఖలోనే ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను హామీగా పెట్టి కార్డు తీసుకున్నాను. డిపాజిట్‌పై వడ్డీ యథాతథంగా వస్తుంది. అయితే కార్డు ఉన్నంతకాలం ఆ సొమ్మును వెనక్కి తీసుకోలేము, బాకీ కట్టకపోతే బ్యాంకు దానినుంచే రాబట్టుకుంటుంది. కాబట్టి వైద్యానికి దాచుకున్న డిపాజిట్‌ను ఇందుకు పెట్టవద్దని తోటి పింఛనుదారులను గట్టిగా కోరుతున్నాను.

ఇక రక్షణ సంగతి. కార్డుతో వచ్చే కొనుగోలు రక్షణ సాధారణంగా ఒక బీమా. నిర్ణీత గడువులో వస్తువు దొంగతనానికో అగ్నిప్రమాదానికో గురైతే వర్తిస్తుంది, అన్ని కార్డులకూ ఉండదు, నా కార్డుకు లేదు. వస్తువు అసలు రాకపోయినా, పాడైనది వచ్చి అమ్మినవారు పట్టించుకోకపోయినా మనం అడగవలసింది చార్జ్‌బ్యాక్, అంటే కార్డుతో చెల్లించిన సొమ్మును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకోవడం. పగిలిన గాజుపలకతో మా ఇంటికి వచ్చిన గ్యాస్ పొయ్యి విషయంలో బిల్లు, ఫొటోలు, అమ్మకందారుకు పంపిన ఈమెయిళ్లు జతచేసి బ్యాంకుకు ఫిర్యాదు చేయగా, కొంత ఆలస్యమైనా పూర్తి సొమ్ము కార్డు ఖాతాలో జమైంది.

మోసపు లావాదేవీల నిబంధన వేరు. బ్యాంకు తప్పూ మన తప్పూ లేకుండా జరిగినదాన్ని, లావాదేవీ గురించి బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లోగా బ్యాంకుకు తెలియజేస్తే ఖాతాదారుపై భారం పడదని రిజర్వ్ బ్యాంకు 2017లో ఆదేశించింది. ఓటీపీ మనమే చెప్పేస్తే మాత్రం, బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టమంతా మనమే భరించాలి.