ఆర్లాండో ట్రిప్: మిక్కీ వద్దు, మోటార్ ఎక్కడుందో చూపించు అనే పిల్లాడికి ఏ పార్కులు?

అట్లాంటా అమ్మ:

అందరికీ నమస్తే. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్‌కి అట్లాంటా నుంచి ఆర్లాండోకి కారులో వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆయన, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి, అమలాపురం నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న మా అత్తగారు. పార్కులకి నాలుగు రోజులు పెట్టుకోగలం, అంతకు మించి సెలవూ లేదు, డబ్బూ లేదు.

చిక్కంతా మా వాడితోనే. మిక్కీ పక్కన నిలబడరా ఫోటో తీస్తానంటే "లోపల ఎవరో చెమటలు కక్కుతున్నారమ్మా పాపం" అంటాడు. రైడ్ ఎక్కితే బొమ్మల్ని చూడడు, పట్టా కింద ఏముందో వంగి చూస్తాడు. స్కూల్లో రోబోటిక్స్ టీమ్, ఇంట్లో సగం విప్పి పడేసిన ఫ్యాన్లు, ఇదీ వాడి లోకం. థీమ్ పార్కులంటే చిన్నపిల్లలకి కదా అని వెళ్ళకముందే తేల్చేశాడు. మా ఆయనేమో వెళ్ళినప్పుడే డిస్నీ నాలుగు పార్కులూ చుట్టేద్దాం, మళ్ళీ మళ్ళీ వస్తామా అని పట్టుబట్టారు. పదేళ్ళు నిండితే డిస్నీలో పెద్దవాళ్ళ టికెట్టే కాబట్టి నలుగురికీ ఫుల్ రేటు, ఆ లెక్క వేసినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి? కెనడీ స్పేస్ సెంటర్‌కి రోజంతా ఇవ్వొచ్చా, సగం పూట చాలా? ఇంకో సంగతి, వీడికి రోలర్ కోస్టర్ అంటే భయం లేదు కానీ కారులో ఫోన్ చూస్తే చాలు కడుపులో తిప్పుతుంది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, గుడ్డు కూడా ముట్టరు.

టాంపా బావ:

మీ ఆయన ఏమీ అనుకోకపోతే ఒక మాట అండి. నాలుగు రోజుల్లో నాలుగు డిస్నీ పార్కులంటే మీరు చూసేది ఎక్కువగా ముందు నిలబడ్డవాళ్ళ వీపులే, అందులోనూ మార్చి జనంలో. డిస్నీలో ఎప్‌కాట్ ఒక్కటే పెట్టుకోండి, దానికి పొద్దున్నుంచి రాత్రి దాకా ఇవ్వండి. మీ వాడి లాంటి పిల్లాడికి పనికొచ్చే సరుకు అక్కడే ఉంది.

గేటు దాటగానే కనిపించే పెద్ద గోళం, స్పేస్‌షిప్ ఎర్త్, 1982లో పార్కుతో పాటే తెరిచారు. జనం దాని కింద ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. మీ వాడిని ఒక ప్రశ్న అడగండి: అంత పెద్ద గోళం మీద వాన పడితే నీళ్ళన్నీ జారి కింద నడిచేవాళ్ళ నెత్తిన కదా పడాలి, ఎందుకు పడవు? పైన కనిపించే త్రికోణపు పలకల మధ్య అంగుళం సందు వదిలారు, నీళ్ళు ఆ సందుల్లోంచి లోపలికి దిగి, లోపలున్న కాలువల గుండా పోయి పార్కు చెరువులో కలుస్తాయి. అంటే బయట కనిపించేది అసలు పైకప్పు కాదు, వాన ఆగే పొర లోపల వేరే ఉంది.

తర్వాత లివింగ్ విత్ ద ల్యాండ్. పేరు చూసి బోర్ అనుకుని చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో మొత్తం ఆర్లాండోలో మీ ఇంటికి సరిపోయే రైడ్ ఇదే. పడవలో కూర్చోబెట్టి నిజమైన గ్రీన్‌హౌస్‌ల గుండా తీసుకెళ్తారు. మట్టి లేకుండా పెంచే మొక్కలు, వేళ్ళు గాల్లో వేలాడుతుంటే వాటి మీద పోషకాలు కలిపిన నీళ్ళు చల్లడం, పలచగా పారే నీళ్ళలో వేళ్ళు ఆనేలా పెంచడం, ఇవన్నీ కళ్ళముందే జరుగుతుంటాయి. అక్కడ పండినవి పార్కు రెస్టారెంట్లలో వాడతారు కూడా. నడిచే పని లేదు, అత్తగారు హాయిగా కూర్చుని చూడొచ్చు, కోనసీమ మనిషి కదా, అరటి, బొప్పాయి, పనస చూడగానే ఆవిడే గైడ్ అయిపోతారు. దానికే బిహైండ్ ద సీడ్స్ అని నడిచి తిరిగే టూర్ ఒకటుంది, విడిగా డబ్బు కట్టాలి, గంట పడుతుంది, ఆ మొక్కల పని తెలిసినవాళ్ళే వెంట ఉండి చెప్తారు. తండ్రీ కొడుకులు అటు వెళ్తే మీరిద్దరూ సీస్ అక్వేరియంలో ఏసీలో కూర్చోండి. ఆ ట్యాంకులో 57 లక్షల గ్యాలన్ల నీళ్ళు.

కడుపులో తిప్పడం గురించి. మిషన్ స్పేస్ ఎక్కేముందు ఆరెంజ్, గ్రీన్ అని రెండు రకాలు అడుగుతారు. ఆరెంజ్‌లో మనం కూర్చున్న పెట్టె నిజంగానే ఒక పెద్ద సెంట్రిఫ్యూజ్ (వేగంగా తిరిగే యంత్రం) చేతికి తగిలించి గిరగిరా తిరుగుతుంది, కానీ లోపల కూర్చున్నవాడికి తిరుగుతున్నట్టు కనిపించదు, వీపు సీటుకి అదుముకుపోయి రాకెట్ లేస్తున్నట్టు ఉంటుంది. తల ఎదురుగానే పెట్టుకోవాలి, పక్కకి తిప్పకూడదు, కళ్ళు మూసుకోకూడదు అని వాళ్ళే చెప్తారు. తిరిగే పెట్టెలో తల తిప్పితే చెవి లోపలి ద్రవం ఇంకో దిక్కుకి కదులుతుంది, అక్కడే వాంతి మొదలు. గ్రీన్ అసలు తిరగదు. మీ వాడు ఆరెంజే ఎక్కుతానంటాడు, భోజనానికి ముందు ఎక్కించండి.

గోదారి గట్టు:

ఎప్‌కాట్ మీద బావగారు చెప్పినదానికి నేను కలిపేదేమీ లేదు. కెనడీ మీద మాత్రం గట్టిగా చెప్తాను: సగం పూట చాలదు. ఆర్లాండో నుంచి గంట ప్రయాణం, తెరిచేసరికి అక్కడుండండి. టికెట్ డిస్నీ కన్నా బాగా తక్కువ, బస్ టూర్ అందులోనే కలిసి ఉంటుంది.

పొద్దున్నే ముందు బస్ ఎక్కేయండి, మధ్యాహ్నమైతే లైను పెరుగుతుంది, పైగా చివరి బస్ అనుకున్నదానికంటే త్వరగా అయిపోతుంది. దారిలో 525 అడుగుల ఎత్తున్న వెహికల్ అసెంబ్లీ బిల్డింగ్ కనిపిస్తుంది, రాకెట్లని నిలబెట్టి బిగించేది అందులోనే. బస్ దింపే చోట చంద్రుడి యాత్రల కోసం కట్టిన సాటర్న్ 5 రాకెట్ పడుకోబెట్టి ఉంటుంది, 363 అడుగులు, ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తుంటే పిల్లలకి కాదు పెద్దవాళ్ళకే మాట రాదు. అయిదు ఇంజన్ల కింద నిలబడి మీ వాడు ఎంతసేపు కదలడో చూసుకోండి, తొందరపెట్టకండి.

వెనక్కొచ్చాక అట్లాంటిస్. 33 సార్లు అంతరిక్షానికి వెళ్ళొచ్చిన అసలు స్పేస్ షటిల్, 2011లో ఆఖరి షటిల్ ప్రయాణం చేసింది కూడా ఇదే. నేల మీద నిలబెట్టకుండా ఒక పక్కకి వాల్చి, తలుపులు తెరిచి, కక్ష్యలో ఉన్నట్టే పెట్టారు. పొట్ట కింద వేడి తట్టుకునే పలకలు దగ్గర నుంచి కనిపిస్తాయి, ప్రతి పలకకీ దాని సొంత నంబరు, ఒక చోటిది ఇంకో చోట పట్టదు. లోపలికి వెళ్ళేముందు ఒక చిన్న సినిమా వేస్తారు, అది తప్పించుకుని పక్కదారి పట్టొద్దు, ఎందుకో అక్కడే తెలుస్తుంది.

అదే బిల్డింగులో, ప్రమాదాల్లో పోయిన ఛాలెంజర్, కొలంబియా షటిల్స్ సిబ్బంది జ్ఞాపకంగా ఒక గది ఉంది. కల్పనా చావ్లా వస్తువులు కూడా ఒక అరలో ఉంటాయి. అత్తగారికి ఆవిడ పేరు తప్పకుండా తెలిసి ఉంటుంది, అక్కడ కాసేపు ఆగండి. మన వ్యోమగామి రాజా చారి కూడా (తండ్రిది తెలంగాణ) 2021 నవంబరులో స్పేస్‌ఎక్స్ క్రూ-3 యాత్ర కమాండర్‌గా ఇక్కడి 39ఏ ప్రయోగ వేదిక (ప్యాడ్) నుంచే వెళ్ళాడు. అపోలో 11 లేచింది కూడా ఆ ప్యాడ్ మీంచే.

నీడ తక్కువ, టోపీలు మర్చిపోవద్దు.

పప్పుచారు:

అందరూ మ్యాజిక్ కింగ్‌డమ్‌ని పక్కన పడేస్తున్నారేంటి. పిల్లల పార్కే, కాదనను. కానీ పీపుల్ మూవర్ అని ఒకటుంది అక్కడ, 1975 నుంచి తిరుగుతోంది, దాని బండ్లలో మోటారే ఉండదు. పట్టాలో వరసగా కాయిల్స్, బండి అడుగున లోహపు పలక, లీనియర్ ఇండక్షన్ మోటార్ అన్నమాట. గుండ్రటి మోటార్‌ని విప్పి పొడుగ్గా పరిచినట్టు. అత్తగారు కూడా ఎక్కొచ్చు, టుమారోలాండ్ అనే ఆ భాగమంతా తిప్పుతుంది, లైను కూడా తక్కువ.

ఇంకోటి, ఆ పార్కు నేల మీద లేదు, ఒక అంతస్తు పైన ఉంది. ఫ్లోరిడాలో కొంచెం తవ్వితే నీళ్ళు పడతాయి కాబట్టి పనివాళ్ళు తిరిగే సొరంగాలు కిందకి తవ్వకుండా నేల మట్టానే కట్టి, పక్కన చెరువు తవ్వగా వచ్చిన మట్టిని చుట్టూ పోసి, దాని మీద పార్కు లేపారు. చెత్త కూడా గొట్టాల్లో గాలి లాగుడుతోనే పోతుంది. ఇది తెలిస్తే మీ వాడు మిక్కీని క్షమించేస్తాడు.

టాంపా బావ:

పప్పుచారు గారూ, ఆ సొరంగాలు చూపించే టూర్‌కి పదహారేళ్ళు నిండాలి, తొమ్మిదో తరగతి వాడిని పంపరు. ఒక్క పీపుల్ మూవర్ కోసం నలుగురికి టికెట్లు కొనమంటారా? రెండేళ్ళాగి వెళ్ళమనండి.

పప్పుచారు:

సరే ఒప్పుకున్నా. పదహారు నిండాక వెళ్ళమనండి, కానీ వెళ్ళకుండా మాత్రం ఉండొద్దు.

రోబో చెల్లి:

ఆంటీ, నేను ఇంజనీరింగ్ రెండో ఏడు, మీ అబ్బాయి లాంటి కేసునే. ఒక్కటి మాత్రం బతిమాలుతున్నా, ట్రిప్‌ని ట్యూషన్ చేయకండి. "ఇక్కడ ఏ సూత్రం వాడారో చెప్పు" అని పెద్దవాళ్ళు అడగడం మొదలుపెడితే వాడు హెడ్‌ఫోన్స్ పెట్టేసుకుంటాడు. ప్లాన్ వాడి చేతికే ఇచ్చేయండి. ఏ రైడ్ ముందు, ఎక్కడ సింగిల్ రైడర్ లైను (ఒంటరిగా ఎక్కేవాళ్ళకి వేరే లైను) ఉంది, మ్యాప్ మీద ఎలా తిరిగితే నడక తగ్గుతుంది, ఇదే వాడికి అసలు పజిల్. అమ్మమ్మగారు... సారీ, నానమ్మగారు ఎక్కడ కూర్చోవాలో కూడా ఆ లెక్కలోనే కలపమనండి.

మూడో రోజుకి యూనివర్సల్ వాళ్ళ ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పెట్టండి, వెలాసికోస్టర్ అనే రోలర్ కోస్టర్ కోసం. 2021లో వచ్చింది. దీనికి గొలుసుతో పైకి లాగే కొండ ఉండదు, అయస్కాంతాలతో తోస్తారు, రెండోసారి తోసినప్పుడు గంటకి 70 మైళ్ళు, వెంటనే 155 అడుగుల టవర్ దాదాపు నిటారుగా ఎక్కేస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి. 70 మైళ్ళంటే సెకనుకి 31.3 మీటర్లు. దాని వర్గాన్ని 2జీతో (జీ అంటే భూమ్యాకర్షణ త్వరణం, 9.8) భాగిస్తే ఆ వేగం ఎంత ఎత్తుకి చాలుతుందో వస్తుంది: దాదాపు 50 మీటర్లు. టవర్ 47. అంటే గాలికి, రాపిడికి పోయేది పోగా మిగిలేది చాలా కొంచెం, అందుకే పైన బండి నెమ్మదించి ఒక్క క్షణం వేలాడినట్టు అనిపిస్తుంది. నేను ఇది చెప్పానని వాడికి చెప్పకండి, లైన్లో నిలబడి వాడే కట్టుకోనివ్వండి, కావలసినంత టైమ్ ఉంటుంది అక్కడ.

హల్క్ అనే ఇంకో కోస్టర్ కూడా అదే పార్కులో. అక్కడ బండిని తోసే రెండు సెకన్లలో అంత కరెంటు ఒక్కసారి లాగితే చుట్టుపక్కల లైట్లు మిణుకుమంటాయని, ఫ్లైవీల్స్ అనే బరువైన చక్రాలని ముందుగా నెమ్మదిగా తిప్పి వాటిలో శక్తి దాచిపెడతారు. లూప్‌లు కూడా చూడమనండి, అవి నిజమైన వృత్తాలు కావు. వృత్తమైతే, పైన పడిపోకుండా ఉండాలంటే కింద కనీసం 6జీ, అంటే మన బరువుకి ఆరింతలు భరించాలి, మెడల మీద మరీ ఎక్కువ భారం. అందుకని కింద వెడల్పుగా, పైన బిగుతుగా వంచుతారు.

ఫోన్‌లో యాక్సిలరోమీటర్ (వేగంలో మార్పుని కొలిచే) యాప్ పెట్టి కొలుస్తాను అంటాడు, నాకు తెలుసు. వెలాసికోస్టర్‌కి మెటల్ డిటెక్టర్ ఉంది, ఫోన్ లాకర్‌లో పెట్టాల్సిందే. యాప్ సరదా మెల్లగా వెళ్ళేవాటిలో తీర్చుకోమనండి.

అట్లాంటా అమ్మ:

అందరికీ బోలెడు థాంక్స్. మొత్తం మా ఆయనకి చదివి వినిపించాను. ఎప్‌కాట్, కెనడీ, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ ఖాయం, మ్యాజిక్ కింగ్‌డమ్ రెండేళ్ళ తర్వాత అని రాజీకొచ్చాం. ప్లాన్ చెయ్యరా అంటే వాడు స్ప్రెడ్‌షీట్ ఓపెన్ చేసి, నానమ్మ గంటకి ఎంత దూరం నడవగలదు అని ఆవిడనే ఇంటర్వ్యూ చేస్తున్నాడు. ఆవిడ "నన్నెందుకురా కొలుస్తావు" అని తిడుతోంది. రెండు మిగిలాయి: ఆవిడ తిండి సంగతి, నాలుగో రోజు ఏం చేయాలో. రాకెట్ ప్రయోగం చూడటం కుదురుతుందా?

గోదారి గట్టు:

తిండికి దిగులు పడకండి. డిస్నీలోకి ఇంటి భోజనం తీసుకెళ్ళనిస్తారు, గాజు సీసాలు తప్ప. పులిహోర, పెరుగన్నం డబ్బాలో పెట్టుకోండి. మెనూల మీద ఆకు గుర్తు ఉంటే పాలు, గుడ్డు, మాంసం లేనిదని. వీల్‌చైర్ గేటు దగ్గరే అద్దెకిస్తారు, ముందు వచ్చినవాళ్ళకి ముందు, కాబట్టి ఆలస్యం చేయొద్దు.

నాలుగో రోజు ఖాళీగా వదిలేయండి. ఆ తీరం నుంచి రాకెట్లు తరచుగానే లేస్తాయి, కానీ గాలి బాలేదనో, వాల్వ్ తేడా చేసిందనో వాయిదా పడటం మామూలు. అందుకని ప్రయోగాన్ని నమ్ముకుని కెనడీ టికెట్ కొనకండి, ప్రయోగం రోజున బస్ దారి కూడా మార్చేస్తుంటారు. ఖాళీ రోజున పడితే టిటస్‌విల్‌లో నది ఒడ్డున నిలబడి ఉచితంగా చూడొచ్చు. 39ఏ ప్యాడ్ అక్కడికి సుమారు 19 కిలోమీటర్లు, మంట కనిపించాక శబ్దం రావడానికి దాదాపు నిమిషం, మీ వాడి చేతిలో స్టాప్‌వాచ్ పెట్టండి. రాత్రి ప్రయోగమైతే ఆర్లాండో హోటల్ బయట నిలబడినా కనిపిస్తుంది. బూస్టర్ (రాకెట్ కింది భాగం) తిరిగి నేల మీద దిగే ప్రయోగమైతే బాంబు పేలినట్టు పెద్ద చప్పుడు వస్తుంది, అత్తగారికి ముందే చెప్పి ఉంచండి.